కాలర్ వెనక పేరు

(మా విభాగం రెండో సంవత్సరం విద్యార్థుల ముందు ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే.

మేడమ్ నాకు ఫోన్ చేసి, "మీ టీమ్ తీసిన క్రైమ్ ఓపెనింగ్ గురించి వచ్చి మాట్లాడు, అది రెండుసార్లు ఎందుకు తీయాల్సి వచ్చిందో పిల్లలకి చెప్పు" అన్నారు. అందుకే వచ్చాను. మీకూ ఈ సెమిస్టర్‌లో అదే ప్రాజెక్టు కదా? రెండు నిమిషాల ఓపెనింగ్. ఒక పెద్ద సినిమా ఉందనుకుని, దాని మొదటి రెండు నిమిషాలు మాత్రం టైటిల్స్‌తో సహా తీసి ఇవ్వాలి. మీలో క్రైమ్ ఎంచుకున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, సగం మందికి పైనే. మా బ్యాచ్‌లోనూ ఇంతే.

ఎందుకంటారు? రెండు నిమిషాల్లో ప్రేమ పుట్టించడం కష్టం. నవ్వించడం ఇంకా కష్టం. అదే ఒక శవాన్ని చూపించామనుకోండి, కథ దానంతటదే మొదలైపోతుందని మన ధీమా. మేం ఐదుగురం కూడా అదే ధీమాతో దిగాం. ఆ ధీమా ఎక్కడ దెబ్బతిందో ముందు చెప్తాను.

మొదటి వెర్షన్ కథ ఇది. విజయవాడ వన్ టౌన్, కాళేశ్వరరావు మార్కెట్‌కి దగ్గర్లో ఒక సందు. రాత్రి. ఒకతను పరిగెత్తుకుంటూ వస్తాడు. వెనక టోపీ ముఖం మీదికి లాక్కున్న ఇంకొకడు. చేతిలో కత్తి. ముందతను సందు చివర తెరిచి ఉన్న టైలర్ షాపులోకి దూరతాడు, కుట్టు మిషన్ వెనక దాక్కుంటాడు. కత్తి పైకి లేస్తుంది, గోడ మీద రక్తం చిమ్ముతుంది, టైటిల్ పడుతుంది. 'రక్తపు మరక'. రెండు నిమిషాల్లో నలభై ఒక్క కట్లు, అంటే నలభై ఒక్క చిన్న చిన్న షాట్లు. ఎడిటింగ్ అయ్యాక మేం ఒకళ్లనొకళ్లం చూసుకుని, అదిరిపోయింది అనుకున్నాం.

దీని కోసం ఎంత కష్టపడ్డామో తెలుసా? రక్తం కోసం తేనె, ఎర్ర ఫుడ్ కలర్, కొంచెం కోకో పొడి కలిపాం. కోకో వెయ్యకపోతే అది రూహ్ అఫ్జాలా మెరిసిపోతుంది. మూడు రాత్రులు షూట్ చేశాం. మొదటి రాత్రే పెట్రోలింగ్ పోలీసులు వచ్చారు. మా కత్తి ప్లాస్టిక్‌దే. కానీ పై అంతస్తు కిటికీలోంచి చూసిన ఆవిడకి అది ప్లాస్టిక్‌దని ఎలా తెలుస్తుంది? ఆవిడ కళ్లెదుట ఒక మనిషిని ఇంకో మనిషి తరుముతున్నాడు. ఆవిడ ఫోన్ చేసింది, చేయడమే కరెక్టు. మర్నాడు ఆవిడ దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాం. ఆవిడ చేతులు అప్పటికీ వణుకుతున్నాయి. ఇది దయచేసి రాసుకోండి. బొమ్మ ఆయుధమైనా సరే, బయట తీస్తుంటే ముందుగా పోలీస్ స్టేషన్‌లో కాగితం రాసి ఇవ్వండి, ఆ వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పండి. మన రెండు నిమిషాల కోసం ఒక పెద్దావిడ రాత్రంతా నిద్ర లేకుండా గడపకూడదు.

రెండో రాత్రి ఇంకో దెబ్బ. షాపులో ఉన్నది ట్యూబ్‌లైట్. తీసిందంతా ల్యాప్‌టాప్‌లో చూస్తే ఫ్రేమ్ మీద నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతున్నాయి. కెమెరా పాడైందనుకున్నాం. కెమెరా బాగానే ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. అంటే కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కో ఊపుకి ట్యూబ్‌లైట్ రెండుసార్లు, మొత్తం సెకనుకి వందసార్లు వెలిగి తగ్గుతుంది. మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షటర్ స్పీడ్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి కెమెరా వెలుతురు తీసుకునే సమయం. మేం దాన్ని సెకనులో 1/125వ వంతు పెట్టి తీశాం. 1/50లో పెడితే ఒక్కో ఫ్రేమ్‌లో సరిగ్గా రెండు వెలుగులు పూర్తిగా పడతాయి, చారలు రావు. ఇది తెలియక ఒక రాత్రి మొత్తం పోయింది. మీది పోకూడదు. చవక ఎల్ఈడీ బల్బుల దగ్గర ఇంకా జాగ్రత్త, కొన్నింటికి ఏ స్పీడ్ పెట్టినా చారలు వస్తాయి. షూటింగ్‌కి ముందు రోజే వెళ్లి ఒక నిమిషం తీసి చూసుకోండి.

సరే. ఇన్ని పడి పూర్తి చేశాం. షాపు ఇచ్చిన టైలర్ మాస్టారికి ముందుగా చూపించడం మర్యాద కదా. ల్యాప్‌టాప్ ఆయన కటింగ్ బల్ల మీదే పెట్టి వేశాం. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని, చివరిదాకా కదలకుండా చూశారు. అయిపోయింది. మేం ఆయన ముఖం వంక చూస్తున్నాం. భయపడ్డారా, థ్రిల్ అయ్యారా అని.

ఆయన ఏమన్నారో తెలుసా? "అమ్మాయ్, మిషన్ మీద ఆ చొక్కాకి ఒక చెయ్యే కుట్టి ఉందేంటి? ఎవరిదో పాపం. పొద్దున్నే వస్తాడు."

ఆ చొక్కా మేం పెట్టింది కాదు. షూటింగ్ కోసం ఆయన పని మధ్యలో లేచి పక్కకి తప్పుకున్నారు, అది అలా మిషన్ మీద ఉండిపోయింది. మా నలభై ఒక్క కట్లలో ఎక్కడో ఒక దాంట్లో, ఒక్క సెకను కనిపిస్తుంది. మాలో ఒక్కరం కూడా గమనించలేదు. హత్య గురించి ఆయన ఒక్క మాట అడగలేదు. చచ్చిపోయినతను ఎవరు అని కూడా అడగలేదు. ఎందుకడుగుతారు? మేం చెప్పలేదు కదా. అతనికి పేరు లేదు, ఇల్లు లేదు, పని లేదు. పరిగెత్తడం, పడిపోవడం తప్ప అతనికి మేం ఇంకేమీ ఇవ్వలేదు. రెండు నిమిషాలూ చంపేవాడి బూట్లు, చంపేవాడి నీడ, చంపేవాడి చెయ్యి. లైటింగ్ అంతా వాడికే పెట్టాం. కానీ చూస్తున్న ఒక పెద్దాయన మనసు వెళ్లి ఆగింది ఎక్కడ? చెయ్యి లేని ఒక చొక్కా మీద. దాన్ని తీసుకోడానికి రాబోయే మనిషి మీద.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మీకు ఫిల్మ్ హిస్టరీ పేపర్‌లో 1903 నాటి 'ద గ్రేట్ ట్రెయిన్ రాబరీ' ఉంటుంది. పన్నెండు నిమిషాల దొంగల సినిమా. అందులో ఒక షాట్ ఉంది. దొంగల నాయకుడు తిన్నగా ప్రేక్షకుల వైపు తుపాకీ గురిపెట్టి కాలుస్తాడు. ఆ షాట్ సినిమా మొదట్లో వేసుకోవచ్చు, చివర్లో వేసుకోవచ్చు, మీ ఇష్టం అని సినిమా అమ్మిన కంపెనీ తన కేటలాగ్‌లోనే రాసింది. ఎందుకు ఎక్కడైనా వేసుకోవచ్చు? కథకి దానితో సంబంధం లేదు కాబట్టి. ఉలిక్కిపడేలా చేయడం ఒక్కటే దాని పని. అది చదివినప్పుడు, సినిమా పుట్టిన కొత్తలో కాబట్టి అలా చేశారులే అనుకున్నాను. ఆ రాత్రి మా వెర్షన్ మళ్లీ చూసుకుంటే ఏమనిపించింది? మాదీ అదే షాట్. రెండు నిమిషాల పొడుగున సాగదీసిన తుపాకీ షాట్. ముందు పెట్టినా, వెనక పెట్టినా, ఇంకో సినిమాకి అతికించినా ఒకటే.

మర్నాడు మళ్లీ షాపుకి వెళ్లాను. ఆ చొక్కా ఎవరిదో అడుగుదామని. మాటల్లో మాస్టారు ఒక సంగతి చెప్పారు. కొన్నేళ్ల క్రితం ఒక పోలీసాయన షాపుకి వచ్చాడట. ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడట. ఒక కాలర్. దాని వెనక ఈయన షాపు లేబుల్. "ఈ చొక్కా మీరే కుట్టారా?" అని అడిగాడట.

మీరు పేపర్ల జిల్లా పేజీల్లో చూసే ఉంటారు. నాలుగు లైన్ల వార్త. "గుర్తు తెలియని మృతదేహం లభ్యం. వయసు సుమారు నలభై. ఒంటిపై నీలం గళ్ల చొక్కా. కాలర్‌పై ఫలానా టైలర్స్ అనే లేబుల్ ఉంది. ఆచూకీ తెలిసినవారు సంప్రదించగలరు." ఎన్నిసార్లు చదివి పేజీ తిప్పేశాం? నేనైతే లెక్కలేనన్నిసార్లు. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ మనిషి ఒంటి మీద ఒకే ఒక్క పేరు ఉంది, అదీ అతని పేరు కాదు. అతని చొక్కా కుట్టినాయన పేరు. అతని పేరు కావాలంటే ఎక్కడికి వెళ్లాలి? టైలర్ దగ్గరున్న కొలతల పుస్తకం దగ్గరికి వెళ్లాలి.

మా సినిమా అక్కడ మొదలవ్వాలి. సందులో కాదు. ఆ పుస్తకం దగ్గర.

ఆ కొలతల పుస్తకం గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాను, విసుక్కోవద్దు. పొడుగాటి అకౌంట్ల పుస్తకం. అట్ట మూలలు నూనె పట్టి నల్లబడ్డాయి. ఒక్కో పేజీలో పైన పేరు, తేదీ. కింద అంకెలు. పొడవు 29, షోల్డర్ 18, చెస్ట్ 40, చెయ్యి 9, కాలర్ పదిహేనున్నర. పక్కన గుడ్డలోంచి కత్తిరించిన చిన్న ముక్క, స్టేప్లర్‌తో కొట్టి ఉంటుంది, ఏ గుడ్డ ఎవరిదో కలిసిపోకుండా. మాస్టారు పేజీలు తిప్పుతుంటే ఆ ముక్కలన్నీ రెపరెపలాడతాయి. గళ్లవి, చారలవి, స్కూల్ యూనిఫామ్ తెల్లవి. కొందరివి పదేళ్ల కొలతలున్నాయి. చెస్ట్ 36, తర్వాత 38, తర్వాత 42. ఒకాయనవి 42 నుంచి మళ్లీ 37కి వచ్చాయి. "ఆయనకి షుగర్ వచ్చింది" అన్నారు మాస్టారు, పేజీ తిప్పుతూ.

చెప్పండి, ఒక పాత్రని పరిచయం చేయడానికి ఇంతకంటే ఏం కావాలి?

రెండో వెర్షన్‌లో మొత్తం తొమ్మిది షాట్లు. నలభై ఒకటి నుంచి తొమ్మిదికి వచ్చాం. నల్లటి తెర మీద మిషన్ శబ్దం, టకటకటకటక. తర్వాత సూది కింద నడుస్తున్న నీలం గళ్ల గుడ్డ, బాగా దగ్గరగా. మాస్టారి వేళ్లు దాన్ని ముందుకి తోస్తున్నాయి. తెర మీద పేర్లు పడుతుంటాయి. ఎవరో వచ్చి నిలబడ్డారు, గుడ్డ మీద నీడ పడింది. కాలు పెడల్ మీంచి లేస్తుంది. చక్రం ఊరికే ఇంకో నాలుగు తిరుగుళ్లు తిరిగి ఆగుతుంది. శబ్దం ఆగిపోతుంది. అప్పుడు మొదటిసారి పైన ఫ్యాను తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. ఒక చెయ్యి ఫోన్ ముందుకి చాపుతుంది. ఫోన్‌లో మట్టి కొట్టుకుపోయిన కాలర్. మాస్టారు మాట్లాడరు. పుస్తకం తీస్తారు. వేలు ఒక్కో పేజీ దాటుకుంటూ పోయి ఒకచోట ఆగుతుంది. అక్కడ స్టేప్లర్‌తో కొట్టిన ముక్క, నీలం గళ్లది.

ఇక్కడ ప్రేక్షకుడికి మనం ఏం చెప్పాం? ఏమీ చెప్పలేదు. ఫోన్‌లో ఉన్న గుడ్డ, పుస్తకంలో ఉన్న ముక్క, మిషన్ మీదున్న చొక్కా, మూడూ ఒకటే అని తనే చూసుకుంటాడు. ఒకే తానులోంచి రెండు చొక్కాలు కుట్టించుకున్న మనిషి. ఒకటి ఒంటి మీద పోయింది. రెండోది ఇక్కడుంది, ఒక చేత్తో. డైలాగులు రెండే రెండు. "ఎప్పుడొస్తానన్నాడు?" "శుక్రవారం." కెమెరా గోడ మీద క్యాలెండర్ మీదికి వెళ్తుంది. శనివారం. టైటిల్ 'కొలతలు'.

కత్తి లేదు, రక్తం లేదు, పరుగు లేదు. కానీ క్లాసులో వేసినప్పుడు ఆ క్యాలెండర్ దగ్గర హాలు మొత్తం నిశ్శబ్దమైపోయింది. మొదటి వెర్షన్ వేసినప్పుడు ఈలలు వేశారు, అది కూడా చెప్పాలి. ఈలలు వేయించుకోవడం తప్పని అనను. కానీ ఒక మనిషి చచ్చిపోయిన చోట ఈల పడిందంటే, ఆ మనిషిని మనం సరిగ్గా చూపించలేదనే నేననుకుంటాను. మీరు ఒప్పుకోకపోవచ్చు, తర్వాత వాదించుకుందాం.

ఇది మేం కనిపెట్టిన గొప్ప విషయమేం కాదు. ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన 'ఎమ్' ఉంది, జర్మన్ సినిమా, ఆయన మొదటి టాకీ. పిల్లల్ని చంపే హంతకుడి కథ. దాని ఓపెనింగ్‌లో ఒక తల్లి బడి నుంచి రావాల్సిన కూతురి కోసం అన్నం సిద్ధం చేసి ఎదురుచూస్తుంటుంది. పాప వీధిలో బంతి ఆడుకుంటూ ఒక స్తంభం దగ్గర ఆగుతుంది. దాని మీద హంతకుణ్ని పట్టిస్తే బహుమతి అని పోస్టర్. ఆ పోస్టర్ మీద ఒక మనిషి నీడ పడుతుంది. అంతే, హంతకుడి ముఖం చూపించడు. తల్లి కూతుర్ని పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పిలుపు మీద ఖాళీ మెట్లు, బట్టలారేసిన అటక, ఎవరూ ముట్టని కంచం. గడ్డిలోంచి బంతి దొర్లుకుంటూ వచ్చి ఆగుతుంది. హంతకుడు కొనిచ్చిన బెలూన్ టెలిఫోన్ తీగల్లో చిక్కుకుని ఊగుతుంది. మూడేళ్ల కోర్సులో మూడుసార్లు చూశాను ఆ సినిమా. నీడ గురించి నోట్సు రాసుకున్నాను, షాట్ల లెక్క రాసుకున్నాను. కంచం గురించి రాసుకోలేదు. టైలర్ మాస్టారు చెయ్యి లేని చొక్కా గురించి అడిగాకే ఆ కంచం నాకు కనిపించింది.

ఇప్పుడు పనికొచ్చే సంగతులు కొన్ని.

ఆ క్యాలెండర్ మమ్మల్ని ఏడిపించింది. రోజుకో కాగితం చింపే రకం అది. రెండు రోజులు షూట్ చేశాం. రెండో రోజు పొద్దున మాస్టారు అలవాటు ప్రకారం షాపు తీస్తూనే కాగితం చింపేశారు. మేం చూసుకోలేదు. ఎడిటింగ్‌లో చూస్తే ఒక షాట్‌లో ఒక తేదీ, తర్వాతి షాట్‌లో ఇంకోటి. మన కథంతా ఆ తేదీ మీదే నడుస్తోంది! మళ్లీ వెళ్లి ఆ ఒక్క షాట్ తీసుకున్నాం. షూట్ ఆపేముందు ఫోన్‌తో అన్ని గోడలూ ఫొటోలు తీసుకోండి. గడియారాలు, క్యాలెండర్లు, టీ గ్లాసులు, అన్నీ.

శబ్దం. మాకు సగం సినిమా శబ్దమే. విజయవాడ జంక్షన్ ఎంత దగ్గరో తెలుసు కదా, రైలు కూత లేని నిమిషం ఉండదు. మిషన్ శబ్దం విడిగా, తలుపులు మూసి, ఫోన్‌ని మడతపెట్టిన గుడ్డ మీద పెట్టి, సూదికి జానెడు దూరంలో రికార్డు చేశాం. ఆ తర్వాత ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ షాపు శబ్దం తీసుకున్నాం. ఆ ఒక్క నిమిషమే మమ్మల్ని కాపాడింది. మిషన్ ఆగిన తర్వాత వచ్చే నిశ్శబ్దం అదే. శబ్దం పూర్తిగా తీసేస్తే స్పీకర్ పోయిందనుకుంటారు. నిశ్శబ్దానికి కూడా ఒక శబ్దం ఉండాలి.

టైటిల్స్. తెలుగులోనే వేయండి, దయచేసి. మొదటి టైటిల్ 'రక్తపు మరక' టైప్ చేస్తే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'క్త' విడిపోయింది. క మీద పొల్లు పడి, త పక్కకి వెళ్లిపోయింది. చాలామంది ఇక్కడే విసిగిపోయి టైటిల్ ఇంగ్లీషులో వేసేస్తారు. అడోబీ ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్ భాషలకి మార్చాలి. అప్పుడు ఒత్తులు వాటి చోట అవి కూర్చుంటాయి. అది కుదరని సాఫ్ట్‌వేర్ అయితే టైటిల్‌ని బొమ్మగా చేసి పెట్టుకోండి. మన భాష అక్షరం విరిగిపోయి తెర మీద కనిపిస్తే నాకు మనసొప్పదు.

ఇంకోటి. మా మొదటి స్క్రిప్టులో కథ జరిగేది 2025లో అని రాసుకుని, పోలీసు పాత్ర చేత "302 కింద కేసు" అనిపించాం. సినిమాలు చూసి చూసి ఆ అంకె నోట్లో పాతుకుపోయింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకి శిక్ష ఇప్పుడు సెక్షన్ 103. మీ స్క్రిప్టుల్లో ఒకసారి వెతకండి, ఎన్ని 302లు దొరుకుతాయో.

మాస్టారు నటించారా అని అడుగుతారు. నటించనన్నారు. "ముఖం వద్దమ్మా, చేతులు తీసుకో" అన్నారు. అందుకే మా సినిమాలో ఆయన ముఖం ఉండదు. వేలు పేజీ మీద ఆగినప్పుడు కొంచెం వణుకుతుంది చూడండి. అలా చేయమని మేం చెప్పలేదు. షాట్ అయ్యాక అడిగాను. అప్పుడు చెప్పారు, ఆ రోజు పోలీసాయన వచ్చినప్పుడు కూడా పుస్తకంలో పేరు దొరికిందని. ఎవరు, ఏమిటి అని నేనింక అడగలేదు.

సరే, రెండు వెర్షన్లూ తెచ్చాను. ముందు మొదటిది వేస్తాను, తర్వాత రెండోది. తమ్ముడూ, లైట్లు తీసేయవా? ఆ ఫ్యాన్లు కూడా ఆపెయ్, ఒక్క ఐదు నిమిషాలు. సినిమాలో ఒక ఫ్యాను ఉంది, అది వినిపించాలి.